మనోడే కదా! (వాడ ముచ్చట్లు – 31)



పోయిన ఆదివారం రాసిన ముచ్చటకు నాకు పదకొండు ఫోన్లు వచ్చినయ్. అందుల తొమ్మిది తిట్లే. తిట్టినోళ్ళల్ల పై కులపోడు ఒక్కడు లేడు. అందరూ మనోళ్ళే. ఏప్రిల్ 14కు పిలిస్తే కూలి బందు పెట్టుకొని వచ్చేటోళ్ళు, నా పక్కన నిలబడి లాఠీ దెబ్బ తిన్నోళ్ళు. నేను రాసింది ఏం లేదు. ముసలోళ్ళ ఇండ్లకు, ఒంటరి ఆడోళ్ళ ఇండ్లకు, మతి సరిగ లేనోళ్ళ ఇండ్లకు సేవ పేరు మీద పోయే మన సంఘం పిల్లలకు కొన్ని కట్టుబాట్లు ఉండాలె, అవి కాగితం మీద ఉండాలె, వాటి నుంచి నాతో సహా ఎవ్వరికీ మినహాయింపు ఉండొద్దు అన్న. అంతే.

"అక్కా, మనోళ్ళనే దొంగలను చేసినవ్" అన్నడు ఒక తమ్ముడు. "దొరలు చేసింది రాయి, మనింటి ముచ్చట రోడ్డు మీద పెడతవా" అన్నడు ఒక అన్న. తొమ్మిది మంది తొమ్మిది తీర్ల మాట్లాడిన్రు గని అందరి నోట్ల ఒక మాట మాత్రం కలిసింది. "మనోడే కదా!" ఈ వారం ఆ మాట మీదనే రాస్త. ఇంకో తొమ్మిది ఫోన్లు వస్తే రానీ.

కొత్తగ చదివేటోళ్ళకు మా సంఘం ఎట్ల పుట్టిందో చెప్పాలె. 2023 జూలై 26 పొద్దుటి నుంచి 27 పొద్దుటి దాక మా వెంకటాపూర్ మండలం లక్ష్మీదేవిపేటల 649.8 మిల్లీమీటర్ల వాన పడ్డది. తెలంగాణల ఒక్క రోజుల అంత వాన అంతకుముందు ఎన్నడూ లెక్కకు రాలేదు. పాత రికార్డు కూడా మా ములుగు దిక్కుదే, 2013ల వాజేడుది, 517.5. అదే వానకు ఏటూరునాగారం మండలం కొండాయిల జంపన్నవాగు మనుషులను తీసుకపోయింది. ఇటు పాలంపేట చుట్టుపక్కల ఎస్సీ వాడలల్ల మట్టి గోడలు నానినయ్, బియ్యం డబ్బాలల్లకు నీళ్ళు వచ్చినయ్. ఆ నాడు పద్నాలుగు మందిమి జమ అయి బియ్యం, పరదాలు, జ్వరం గోలీలు మోసినం. ఎవరూ చెప్పలేదు, ఎవరూ పైసలు ఇయ్యలేదు. నా బతుకుల నేను గర్వపడే పనులు నాలుగు ఉంటె అందుల అదొకటి.

నీళ్ళు తీసినంక గూడ పని ఆగలే. ఎందుకంటే వరదల ఇంట్ల చిక్కినోళ్ళే మామూలు రోజులల్ల గూడ ఇంట్ల చిక్కినోళ్ళు. కొడుకులు హైదరాబాదుల, బొంబైల ఉన్న ముసలోళ్ళు. మొగడు సచ్చి పిల్లలు లేని ఆడోళ్ళు. మంచాన పడ్డోళ్ళు. మతి తప్పిందని ఊరు పక్కన పెట్టినోళ్ళు. వాళ్ళకు నెలనెల పింఛను ఇప్పిచ్చుడు, ములుగు దవాఖానకు తీసుకపోవుడు, మందులు తెచ్చుడు, దరఖాస్తులు రాసుడు మా పని అయింది. నాలుగు ఊళ్ళల్ల తిరుగుతం. కింద చెప్పే రెండు సంగతులు ఏ ఊరివో చెప్పను. గుర్తుపట్టేటియి కొన్ని మార్చిన.

మొదటిది పైసల సంగతి. నేను చిన్నవ్వ అని పిలిచే ఒకామె ఉన్నది. భర్త లేడు. 2014ల ఆసరా పింఛను మొదలైనప్పుడు వెయ్యి రూపాయలు, 2019ల అది 2,016 అయింది. నలభై ఏండ్లు నాట్లు ఏసి, పత్తి ఏరి, మిరపకాయలు తెంపిన చేతులు, వేళ్ళ మీద గీతలు అరిగిపోయినయ్. మిషన్ మీద నాలుగైదుసార్లు రుద్దితె గాని ముద్ర పడదు. మా పిల్లగాడు ఒకడు బండి మీద తీసుకపోయేటోడు. ముద్ర ఆమెది, పైసలు అందుకునే చెయ్యి వాడిది. బయటికి వచ్చినంక పదిహేను వందలు ఆమె చేతిల పెట్టి "గింతే పడ్డయవ్వా" అనేటోడు. ఏడు నెలలు. నెలకు 516 చొప్పున 3,612 రూపాయలు.

నిలదీస్తే "పెట్రోలుకు ఎవలిస్తున్నరక్కా?" అన్నడు. ఆ ప్రశ్నకు నా దగ్గర జవాబు లేకుండె. నిజంగనే మేం ఎన్నడూ పెట్రోలు లెక్క ఏసుకోలేదు. కూలి చేసుకునే పిల్లగాడు తన జేబుల నుంచి పెట్టుకుంటనే ఉంటడని అనుకున్నం. ఆ తప్పు మాది. కానీ పెట్రోలు సంఘాన్ని అడగాలె గని అవ్వ పింఛన్ల కోసుకుంటరా? పైసలు తిరిగి కట్టించినం. అది అయిపోయింది.

నన్ను ఇప్పటిదాక నిద్ర పోనియ్యంది ఆ 3,612 కాదు. చిన్నవ్వకు ఈ సంగతి మొదటి నెల నుంచే తెలుసు. పక్కింటామె పూర్తి పైసలు తెచ్చుకునుడు ఆమె చూస్తనే ఉన్నది. "మరి ఎందుకు చెప్పలేదే అవ్వా?" అని అడిగిన. "చెప్తే వాడు రాడు బిడ్డా. వాడు రాకుంటె నన్నెవలు తీస్కపోతరు?" అన్నది. ప్రతి నెల బండి దిగంగనే వాడికి రెండు చేతులెత్తి దండం పెట్టేది. ఆ దండాన్ని మేం ప్రేమ అనుకున్నం. ఫోటో తీసి గ్రూపుల పెట్టుకున్నం. నేనే కింద పూలు, చప్పట్లు పెట్టిన.

మనిషి ఇంకొక మనిషి మీద ఆధారపడ్డప్పుడు "సరే బిడ్డా" అనే మాటకు అర్థం మారుతది. మనకు ఇది తెల్వనిదా? మన తాతలు దొరకు వంగి దండం పెట్టింది భక్తితోనా? పాలేరు "మా దొర మంచోడు" అన్న ప్రతిసారీ అది నిజమని మనం నమ్మినమా? వెట్టి గురించి గంటలకొద్ది ఉపన్యాసం చెప్పే మనం, మన చేతికి ఒక అవ్వ పింఛను కార్డు రాంగనే ఆమె దండాన్ని నిజమని ఎట్ల నమ్మినం?

రెండోది పైసల సంగతి కాదు.

ఆ బిడ్డకు నలభై దాటినయ్. మాట రాదు. వయసు పెరిగింది గని మతి పెరగలే. తల్లి ముసలిది, అయినా కూలికి పోతది. మూర్ఛ మందులు నెలనెల తెచ్చిచ్చే పని ఒక వాలంటీరుకు అప్పజెప్పింది నేనే. "బంగారమసొంటి పిల్లగాడు, భయపడకు" అని ఆ తల్లికి చెప్పింది గూడ నేనే. కొన్నాళ్ళకు తల్లి మా ఇంటికి వచ్చింది. చాయ పోస్తే తాగలే. "బండి చప్పుడు ఇంటె గాబు ఎనుక దాక్కుంటాంది. నా కొంగు ఇడుస్తలేదు" అన్నది. అంతకు మించి ఆమెకు చెప్పరాలేదు.

ఆ తర్వాత మేం ఎక్కడికి పోయినం, ఎవరికి చెప్పినం, అది ఇప్పుడు ఏడ ఉన్నది, అవన్నీ ఇక్కడ రాయను. రాస్తే ఆ బిడ్డను ఇంకోసారి బజార్ల నిలబెట్టినట్టే. నేను రాసేది మా సంఘం మీటింగుల ఏం జరిగిందో అది.

"సాక్ష్యం ఏదక్కా?" అన్నరు. మేం ఆ పిల్లగాడిని జైల్ల పెట్టమనలే, వెలి ఎయ్యమనలే. సంగతి తేలే దాక ఇండ్లకు పోయే పని వాడికి ఇయ్యొద్దు అన్నం. గంత మాటకే సంఘం రెండు ముక్కలైంది. మాట రాని మనిషిని సాక్ష్యం తెమ్మంటున్నరు, మాట వచ్చినోడిని మాత్రం ఒక్క మాట అడగొద్దంటున్నరు. ఆ మీటింగుల కూసున్న మగోళ్ళల్ల సగం మందికి అక్కచెల్లెండ్లు ఉన్నరు. వాళ్ళ ఇంటి గాబు ఎనుక ఎవరన్న దాక్కుంటే గిట్లనే సాక్ష్యం అడుగుతరా?

సాక్ష్యం గురించి ఒక సంగతి చెప్పాలె. 2016ల వచ్చిన వికలాంగుల హక్కుల చట్టం ఏడో సెక్షను ఏమంటదంటే, వికలాంగుల మీద హింస గాని దోపిడీ గాని జరిగిందని, జరుగుతున్నదని, జరిగేటట్టున్నదని నమ్మడానికి కారణం ఉన్న ఎవరైనా ఎగ్జిక్యూటివ్ మేజిస్ట్రేటుకు చెప్పొచ్చు. మనకు మండలంల తహసీల్దారే ఆ మేజిస్ట్రేటు. "జరిగేటట్టున్నది" అన్న మాట చట్టంలనే ఉన్నది చూడండి. జరిగినంక ఏడ్చే దాక ఆగమని చట్టం గూడ అంటలేదు, మా సంఘం అంటున్నది. అదే చట్టం 92వ సెక్షన్ల ఇంకొకటి ఉన్నది. వికలాంగురాలి ఇష్టాయిష్టాల మీద పెత్తనం చేయగలిగే జాగల ఉండి, ఆ జాగను అడ్డం పెట్టుకొని ఆమెను లైంగికంగ వాడుకుంటే ఆరు నెలల నుంచి అయిదేండ్ల దాక జైలు. పెత్తనం చేయగలిగే జాగ అంటే డాక్టరు, వార్డెను మాత్రమే అనుకుంటం. నెలకోసారి మూర్ఛ గోలీలు తెచ్చేటోడిది గూడ ఆ జాగనే. గోలీ వాడి చేతుల ఉన్నది మరి.

ఇగ "పై కులపోళ్ళకు లోకువైతం" అనే మాటకు వస్త. ఈ మాట అన్నోళ్ళ బాధ నాకు అర్థమైతది. వాళ్ళు కాచుకొని కూసున్నరు, నిజమే. మన పిల్లగాడు ఒకడు తప్పు చేస్తే వాడ మొత్తాన్ని తిడతరు, వాళ్ళ పిల్లగాడు చేస్తే "వాడొక్కడు అట్లాంటోడు" అంటరు. ఈ అన్యాయం నాకు ఎవరూ నేర్పాల్సిన పని లేదు. అయితే ఒక్కటి ఆలోచించండి. ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం 1989ది. అది మన కొట్లాటలతోనే వచ్చింది, కారంచేడు పేరు ఎత్తితే ఇప్పటికీ ఒళ్ళు మండుతది. ఆ చట్టం నేరం చేసినోడు ఎస్సీ, ఎస్టీ కానప్పుడే పనిచేస్తది. అట్లనే ఉండాలె, దాని తీరు అది. మరి ఆ ఇంటికి పోయింది దొర కొడుకు అయితే మనం ఏం చేసేటోళ్ళం? అంబేడ్కర్ బొమ్మ కాడ కూసునేటోళ్ళం. అట్రాసిటీ కేసు రాసే దాక లేచేటోళ్ళం కాదు. ములుగు నుంచి, వరంగల్ నుంచి నాయకులు దిగేటోళ్ళు. పోయింది మనోడు అయితే? ఆ చట్టం రాదు. ధర్నా లేదు. నాయకుడు ఫోనెత్తడు. ఆ తల్లి ఎంత మాదిగామె అయితే ఈ తల్లి గూడ అంతే మాదిగామె కదా, ఆమెకు దొరికే సంఘం ఈమెకు ఎందుకు దొరకదు? మనోడి చేతిల దెబ్బ తిన్న మన ఆడమనిషికి ఉన్న రక్షణ అన్నిటికన్న తక్కువ. అందుకే సంఘం కట్టుబాటు అక్కడ అన్నిటికన్న ఎక్కువ ఉండాలె.

"ఇవన్నీ ఎన్జీవోల ముచ్చట్లు, ఫారినోళ్ళ రూల్సు" అన్నడు ఒక సారు. చదువుకున్నోడే, పేరు రాయను. సారూ, పని జాగల లైంగిక వేధింపుల మీద 2013ల వచ్చిన చట్టం చదువుండ్రి. జీతం ఉన్నా లేకున్నా, స్వచ్ఛందంగ చేసినా వాళ్ళు ఉద్యోగుల కిందికే వస్తరని అందుల రాసి ఉన్నది. పదిమంది గూడ లేని చిన్న సంస్థల మీద ఫిర్యాదు తీసుకునేందుకు జిల్లాల లోకల్ కమిటీ ఉండాలని గూడ ఉన్నది. ఆ చట్టం యాడ నుంచి వచ్చింది? అమెరికా నుంచి రాలే. రాజస్థాన్ భటేరి ఊరి భంవరీ దేవి నుంచి వచ్చింది. కుమ్మరి కులపామె. ప్రభుత్వ మహిళా అభివృద్ధి కార్యక్రమంల గ్రామ కార్యకర్త. బాల్యవివాహం ఆపబోయినందుకు 1992ల ఆమె మీద అత్యాచారం చేసిన్రు. 1995ల కింది కోర్టు నిందితులను అత్యాచారం కేసుల వదిలేసింది. ఆ మంట మీద ఆడోళ్ళ సంఘాలు సుప్రీంకోర్టుకు పోతే 1997ల విశాఖ తీర్పు వచ్చింది, దాని మీదనే 2013 చట్టం వచ్చింది. ఊళ్ళె ఇండ్లిండ్లు తిరిగే ఒక కార్యకర్త రక్తం నుంచి పుట్టిన చట్టాన్ని ఊళ్ళె ఇండ్లిండ్లు తిరిగే మనం ఫారినుది అంటున్నం.

అయినా ఫారిన్ ముచ్చట ఎత్తిన్రు గాబట్టి ఒకటి చెప్తా. ఫ్రాన్సుల జాన్ వానియే అని ఒకాయన 1964ల లార్ష్ అనే సంస్థ పెట్టిండు. మతి ఎదగని పెద్దోళ్ళు, వాళ్ళతో ఉండే వాలంటీర్లు ఒకే ఇంట్ల కలిసి బతుకుడు. ఎన్నో దేశాలల్ల ఇండ్లు పెట్టిన్రు. మన దేశంల 1970ల బెంగళూరుల ఆశా నికేతన్ అట్ల వచ్చిందే. లోకమంత ఆయనను బతికున్న దేవుడు అన్నది. 2019ల సచ్చిపోయిండు. 2020ల ఆయన సొంత సంస్థే విచారణ చేయించి కనీసం ఆరుగురు ఆడోళ్ళను ఆయన లైంగికంగ వాడుకున్నడని బయట పెట్టింది. 2023ల వచ్చిన ఇంకో నివేదికల ఆ లెక్క కనీసం ఇరవై అయిదు అయింది. వాళ్ళు వైకల్యం ఉన్నోళ్ళు గూడ కాదు. మాట వచ్చినోళ్ళు, చదువుకున్నోళ్ళు, ఆయన దగ్గరికి ఆధ్యాత్మిక సలహాకు పోయినోళ్ళు, అక్కడ పనిచేసినోళ్ళు. వాళ్ళకే నోరు తెరవడానికి ఏండ్లు పట్టింది. మరి మా గాబు ఎనుక బిడ్డకు ఎన్నేండ్లు పట్టాలె? ఇంకొకటి గూడ చూడండి. ఆ సంస్థ దాచి పెట్టలే. తనను పుట్టించినోడి పాపాన్ని తానే అచ్చు ఏసింది. అయినా కూలిపోలే, ఇప్పటికీ నడుస్తున్నది. మనం ఇంకా పెట్టి మూడేండ్లు గూడ నిండని సంఘానికి పరువు పరువు అని ఏడుస్తున్నం.

పక్క రాష్ట్రం చూడండి. ఆంధ్రల 2019 ఆగస్టు 15న వాలంటీర్లను పెట్టిన్రు. ఊళ్ళల్ల యాభై ఇండ్లకు ఒకరు, నెలకు 5,000 గౌరవ వేతనం, మొత్తం రెండున్నర లక్షల పైన. ఒకటో తారీకు పొద్దుగాల తలుపు కొట్టి పింఛను చేతిల పెట్టేటోళ్ళు. మంచాన పడ్డోళ్ళకు అది నిజంగ మేలే, నేను కాదనను. 2023 జూలైల పవన్ కళ్యాణ్ వాళ్ళ మీద ఆరోపణలు చేసిండు, అటువాళ్ళు బొమ్మలు తగలబెట్టిన్రు. 2024 మార్చి 30న ఎన్నికల సంఘం పింఛన్ల పనికి వాళ్ళను వాడొద్దన్నది, మళ్ళ లొల్లి. ఆ ఏడు జూలై నుంచి కొత్త ప్రభుత్వం సచివాలయం ఉద్యోగులతో పంచుతున్నది. ఇంత రచ్చల ఒక పార్టీ వాలంటీర్లను దేవుళ్ళన్నది, ఇంకోటి దొంగలన్నది. ఒంటరిగ ఉన్న అవ్వకు ఆ తలుపు కొట్టినోడితోనే ఇబ్బంది అయితే ఆమె ఎవరికి చెప్పుకోవాలె అన్న ముచ్చట మాత్రం ఆ లొల్లిల నాకు ఎక్కడా ఇనబడలే. దేవుడా దొంగా అన్నది కాదు లెక్క. తలుపు లోపల ఇద్దరే ఉన్నరు, అందుల ఒకరికి లేవరాదు.

మా ఊరి గుడి సంగతి గూడ చెప్పకుంటె ఈ ముచ్చట పూర్తి కాదు. రామప్ప గుడిని 1213ల రేచర్ల రుద్రుడు కట్టించిండు, 2021 జూలై 25న యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాల ఎక్కించింది. చూరు కింద నల్లరాతి మదనికలు ఉన్నయ్, లోకమంత వచ్చి తలలెత్తి చూస్తది. ఆ రాతి ఆడోళ్ళకు ఉన్న రక్షణ ఎంతో తెలుసా? గుడి చుట్టు వంద మీటర్లు నిషేధిత ప్రాంతం, ఆపైన ఇంకో రెండు వందల మీటర్లు నియంత్రిత ప్రాంతం. ఆ బొమ్మల మీద గీత గీస్తే రెండేండ్ల దాక జైలు, లక్ష దాక జుర్మానా. మంచిదే, ఉండాలె, మన పూర్వీకుల చెమట గూడ ఆ రాయిల ఉన్నది. కానీ ఆ గుడి నుంచి బండి మీద పోయేంత దూరంలనే ఒక మనిషి గాబు ఎనుక దాక్కుంటున్నది, ఆమె చుట్టు నాలుగు అడుగుల గీత గీయమంటె నన్ను ద్రోహి అంటున్నరు.

బాబాసాహెబ్ పేరు నన్ను తిట్టినోళ్ళు గూడ ఎత్తిన్రు. ఎత్తాలె. 1949 నవంబరు 25న రాజ్యాంగ సభల ఆయన ఏం హెచ్చరించిండు? ఎంత గొప్పోడైనా సరే వాడి కాళ్ళ కాడ మన స్వేచ్ఛను పెట్టొద్దన్నడు, భక్తి రాజకీయాలకు పనికిరాదన్నడు. 1951ల మంత్రి పదవి ఎందుకు వదిలిండు? వదిలిన కారణాలల్ల హిందూ కోడ్ బిల్లు పెద్దది. అప్పుడు ఆ బిల్లును అడ్డుకున్నోళ్ళు గూడ "ఇంటి సంగతులల్లకు చట్టం ఎందుకు" అన్నోళ్ళే. వాళ్ళ మాట ఇయ్యాల మన నోట్లకు ఎట్ల వచ్చింది?

"రూల్స్ పెడితే ఎవలొస్తరక్కా, ఉచితంగ చేసేటోళ్ళు దొరకరు" అన్నోళ్ళకే నేను నిజంగ జవాబు చెప్పాలె, వాళ్ళ మాటల న్యాయం ఉన్నది గాబట్టి. మేం రాసుకున్న కట్టుబాట్లు కష్టమైనవే. ఒంటరి మనిషి ఇంటికి ఒక్కరు పోవద్దు, ఇద్దరు పోవాలె, అందుల ఒకరు ఆడమనిషి ఉండాలె. దీంతోని పెట్రోలు, కైకిలి రెండూ డబుల్ అయితయ్. ఆడపిల్లలు మా దగ్గర నలుగురే ఉన్నరు, వాళ్ళ మీద బరువు పడ్డది, ఇది ఎట్ల తేల్చాల్నో నాకు ఇంకా తోచలే. పొద్దు గూకినంక దవాఖాన అక్కర తప్ప ఇండ్లకు పోవద్దు. ఆధారు, పాసుబుక్కు, ఏటీఎం కార్డు ఎంత బతిమాలి ఇచ్చినా మన దగ్గర పెట్టుకోవద్దు. పైసలు మిషన్ కాడనే అవ్వ చేతికి ఇచ్చి, పక్కన ఇంకొకరు ఉండంగ గట్టిగ లెక్కపెట్టి, రిజిస్టరుల రాయాలె. అడగంగ ఒప్పుకున్నా మొకం కనబడే ఫోటో ఒద్దు. ఫిర్యాదు వస్తే తేలే దాక పక్కకు జరగాలె, దాన్ని శిక్ష అనుకోవద్దు. ఫిర్యాదు వినేది మాత్రం మాలో ఒకరు కాదు, సంఘానికి బయట ఉన్న ఇద్దరు ఆడోళ్ళు. వాళ్ళ నంబర్లు, ఆడోళ్ళ 181, ముసలోళ్ళ 14567 పెద్దక్షరాలతో రాసి ప్రతి ఇంట్ల తలుపు ఎనుక అతికించినం. చదువురాని ఇండ్లల్ల పక్కింటోళ్ళకు చెప్పి పెట్టినం. నాకు గూడ ఇవే వర్తిస్తయ్. నేను గూడ ఒక్కదాన్ని పోను.

తప్పు చేయని పిల్లగాడికి ఇది అవమానం కాదు. రేపు ఎవరన్న గిట్టనోడు వాడి మీద లేనిపోని నింద ఏస్తే, పక్కన రెండో మనిషి ఉండుడే వాడికి కాపుదల.

పద్నాలుగు మందిల తొమ్మిది మంది సంతకం పెట్టిన్రు. అయిదుగురు పోయిన్రు. కొత్త సంఘం పెట్టుకున్నరట, బ్యానరు గూడ అయింది, నీలి రంగే. ఆ అయిదుగురిల ఇద్దరు వరదల నడుముల నీళ్ళల్ల నా పక్కన నడిచినోళ్ళు. వాళ్ళు పోయిన రాత్రి నేను అన్నం తినలే. వాళ్ళ కొత్త సంఘానికి గూడ మా కాగితం కాపీ పంపిన. జవాబు రాలే.

ఈ నెల చిన్నవ్వ పింఛనుకు ఒక ఆడపిల్ల, నేను ఇద్దరం పోయినం. ముద్ర అయిదోసారికి పడ్డది. అవ్వ పైసలు ఒడిల ఏసుకొని అరుగు మీద కూసొని లెక్కపెట్టింది. నాలుగు అయిదు వందలు, ఒక పది, ఒక అయిదు, ఒక రూపాయి బిళ్ళ. మళ్ళ మొదటి నుంచి లెక్కపెట్టింది. దండం పెట్టలే. రిజిస్టరుల రాస్తుంటె నా భుజం మీద నుంచి తొంగి చూసి, చదువు రాకున్నా, "పోయిన ఏడు నెలలది గూడ అండ్ల రాసినవా?" అని అడిగింది.

రాసిన అవ్వా.

మిగతా ముచ్చట వచ్చే ఆదివారం. జై భీమ్.